అక్టోబరు జబ్బు

రొమ్ము క్యాన్సర్ అక్టోబరులో మాత్రమే వచ్చే జబ్బని పట్టణాలవాళ్ళు ఎప్పుడో కనిపెట్టేశారు. సెప్టెంబరు 30 దాకా దాని ఊసే ఉండదు. ఒకటో తారీఖు తెల్లారేసరికి ఆస్పత్రుల గుమ్మాలకి గులాబీ రిబ్బన్లు, మెట్ల మీద గులాబీ బెలూన్లు, హైదరాబాదులో చార్మినార్ మీద గులాబీ దీపాలు, పొద్దున్నే గులాబీ బనియన్లు తొడుక్కుని పరుగులు. దసరాకీ దీపావళికీ మధ్య ఇరికించాల్సి వస్తోంది గానీ, సరుకు అమ్మడంలో ఈ పండగ ఆ రెండింటికీ తీసిపోదు. నెలాఖరుకి పరీక్షల ప్యాకేజీ మీద రాయితీ గడువు తీరుతుంది, దాంతో జబ్బు కూడా తగ్గుతుంది. నవంబరు 14న మధుమేహ దినం కాబట్టి అప్పట్నుంచి చక్కెర సీజను.

ఈ పండగ మన్యంలోని కొయ్యూరు దాకా ఇంకా పూర్తిగా రాలేదు. నర్సీపట్నం దాటి కొండల్లోకి తిరిగేసరికి గులాబీ రంగు కొంచెం వెలుస్తుంది. కానీ నినాదానికి రోడ్డు అక్కర్లేదు కాబట్టి అది వచ్చేసింది: ముందే గుర్తిస్తే ప్రాణం దక్కినట్టే. మైకు దొరికిన ప్రతివాడూ ఈ మాట అంటాడు, పక్కనే ఒక శాతం కూడా చెబుతాడు. తొలి దశలో దొరికినవాళ్ళలో ఇంతమంది ఐదేళ్ళు దాటి బతికారు, ముదిరాక వచ్చినవాళ్ళలో ఇంతమందే బతికారు, చూశారా తేడా, అని.

చూద్దాం. ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఉన్నారనుకోండి. ఇద్దరికీ ఒకే తరహా కణితి, ఇద్దరూ 60వ ఏటే పోయారు. అక్కకి 58వ ఏట గడ్డ చేతికి తగిలింది, రెండేళ్ళు బతికింది. చెల్లెలికి 53వ ఏట స్క్రీనింగులో దొరికింది, ఏడేళ్ళు బతికింది. ఇక మైకువాడి లెక్క వినండి: ఆలస్యంగా దొరికినవాళ్ళలో ఐదేళ్ళు దాటినవాళ్ళు సున్నా, ముందే దొరికినవాళ్ళలో నూటికి నూరు! చెల్లెలి ఫోటో ఫ్లెక్సీకి ఎక్కుతుంది. నిజానికి ఆవిడకి దక్కింది మరో ఐదేళ్ళ ఆయుష్షు కాదు, మరో ఐదేళ్ళు ఆస్పత్రి చీటీలు పట్టుకు తిరిగే భాగ్యం. ప్రతి మహిళ విషయంలోనూ ఇలాగే జరుగుతుందని అనను. ముందే దొరకడం వల్ల నిజంగా బతికినవాళ్ళూ ఉన్నారు. కానీ ఈ శాతంలోంచి వాళ్ళెవరో, చెల్లెలెవరో విడదీయలేం. అందుకే వైద్యశాస్త్రం ఇలాంటి లెక్కల్ని నమ్మకుండా, వేలమంది ఆడవాళ్ళని చీటీలు వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి స్క్రీనింగ్ చేసి, రెండోదానికి చెయ్యకుండా, ఎందులో ఎంతమంది పోయారో ఏళ్ళ తరబడి లెక్కపెట్టింది.

ఆ లెక్కలు ఏ గులాబీ కరపత్రంలోనూ నా కంట పడలేదు. 2013లో కొక్రేన్ సమీక్ష తేల్చింది ఇది: 2,000 మంది ఆడవాళ్ళని పదేళ్ళపాటు మామోగ్రామ్‌కి పిలిస్తే ఒకరికి రొమ్ము క్యాన్సర్ చావు తప్పుతుంది. పదిమంది ఆరోగ్యవంతులకి అక్కర్లేని చికిత్స జరుగుతుంది. 200 మందికి పైగా, ఏమీ లేకుండానే ‘అనుమానంగా ఉంది’ అన్న మాట విని కొన్నాళ్ళు నిద్ర పోగొట్టుకుంటారు. ఇది మరీ పిసినారి లెక్క అనేవాళ్ళున్నారు. సరే, ఉదారమైనదే తీసుకుందాం. బ్రిటన్‌లో మైకేల్ మార్మట్ అధ్యక్షతన కూర్చున్న సంఘం 2012లో చెప్పింది: 50 ఏళ్ళు నిండిన 10,000 మందిని 20 ఏళ్ళపాటు పిలిస్తే 43 చావులు తప్పుతాయి, 129 మందికి ఎన్నడూ బాధపెట్టని క్యాన్సర్‌కి కోతలూ మందులూ తప్పవు. 2014లో స్విట్జర్లాండ్ వైద్య మండలి కొత్తగా ఇలాంటి పథకాలు పెట్టొద్దంది. 2024లో అమెరికా నిపుణుల బృందం, కాదు, 40 ఏళ్ళ నుంచి 74 దాకా రెండేళ్ళకోసారి చేయించుకోమంది. పెద్దపెద్దవాళ్ళే ఇలా తగువులాడుకుంటుంటే మన ఫ్లెక్సీకి మాత్రం సందేహమన్నది లేదు.

ఎన్నడూ బాధపెట్టని క్యాన్సర్ ఏమిటని అడుగుతారు. ఉంది. పాల నాళాల్లోనే ఉండిపోయి గడప దాటని రకం ఒకటి, చాలా నెమ్మదిగా పెరిగే రకం ఇంకొకటి. వాటితో ఎనభై ఏళ్ళు బతికి వేరే కారణంతో పోయేవాళ్ళుంటారు. ఏది గడప దాటుతుందో, ఏది దాటదో ముందే చెప్పే సూక్ష్మదర్శిని ఇంకా రాలేదు. అందుకని అన్నిటినీ కోస్తారు. కోయించుకున్న ప్రతి మహిళా తన ప్రాణం స్క్రీనింగ్ నిలబెట్టిందనే నమ్ముతుంది. అలా అక్కర్లేని కోత కూడా విజయగాథే అవుతుంది, వచ్చే అక్టోబరుకి ఒక వక్త తయారవుతుంది. ఇంతకన్నా పక్కా వ్యాపారం నాకు తెలీదు: సరుకు పాడైనా కొన్నవాడు దండం పెడతాడు. బ్రిటన్‌లో కనీసం 2013 నుంచి, పిలుపు ఉత్తరంతో పాటు పంపే కరపత్రంలో ఈ హాని సంగతి కూడా అంకెలతో రాస్తున్నారు. మన దగ్గర కరపత్రంలో రాసే అంకె ఒకటే, రాయితీ తీసేశాక కట్టాల్సింది.

ఆ ప్యాకేజీల్లో ఏముంటుందో కూడా చూడాలి. సీఏ 15-3 అని ఒక రక్తపరీక్ష. జబ్బు తేలినవాళ్ళలో చికిత్స ఎలా నడుస్తోందో చూడ్డానికి పనికొస్తుంది గానీ, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో జబ్బు వెతకడానికి కాదు. అయినా బుట్టలో వేస్తారు, బరువుంటుందని. ఇంకొకటి వేడిని ఫోటో తీసే థర్మోగ్రఫీ: నొప్పి లేదు, రేడియేషన్ లేదు, ముట్టుకోనైనా ముట్టుకోరు. అది మామోగ్రామ్‌కి బదులు కాదని అమెరికా ఎఫ్‌డీఏ పదేపదే హెచ్చరించింది. ముట్టుకోకుండా జబ్బు పట్టే విద్య మనకి కొత్త కాదులెండి, సోదెమ్మలు ఎప్పట్నుంచో చేస్తున్నారు, అదీ కొన్ని గింజలకే.

ఇదంతా పట్నం గోల. కొయ్యూరు సంగతికొద్దాం.

దేశం మొత్తానికి కేంద్రం 2016లో పెట్టిన నియమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ళ ఆడవాళ్ళందరికీ ఐదేళ్ళకోసారి రొమ్ము పరీక్ష చెయ్యాలి. యంత్రంతో కాదు, శిక్షణ పొందిన చేత్తో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వచ్చేసరికి 30-49 ఏళ్ళ ఆడవాళ్ళలో జీవితంలో ఒక్కసారైనా ఆ పరీక్ష జరిగినవాళ్ళు దేశంలో నూటికి 0.9. అంటే ఒకరు కూడా కాదు. ఆ తర్వాత 2024 నవంబరు 14న మన రాష్ట్ర ప్రభుత్వం నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకి ఇంటింటి సర్వే మొదలుపెట్టింది. మంచిదే. బూదరాళ్ళ వైపో, యు.చీడిపాలెం వైపో ఒక కొండ ఊరికి ఏఎన్ఎం ట్యాబు పట్టుకుని వెళ్ళిందనుకుందాం.

“నొప్పి నేదు గదా నర్సమ్మా, మరి రోగమేటి?”

“నొప్పి లేకపోవడమే దాని గుణం పిన్నీ. ఓసారి చూడనీ.”

చూసింది. ఏదో తగిలింది. ట్యాబులో ‘రిఫర్’ అన్న మీట నొక్కింది. సిగ్నల్ ఉన్నచోటికి వచ్చాక అది పైకి వెళ్ళింది. పైన తెర మీద ఆ ఊరి గడి పచ్చబడింది. పాడేరులో సమీక్ష, అమరావతిలో సమీక్ష, అందరూ తృప్తిగా టీ తాగారు. స్క్రీనింగ్ నూరు శాతం.

పిన్ని సంగతేమిటి? పీహెచ్‌సీలో మామోగ్రామ్ ఉండదు, సూదితో ముక్క తీసి చూసే ఏర్పాటూ ఉండదు. నర్సీపట్నం దిగాలి, అక్కణ్ణుంచి విశాఖ కేజీహెచ్‌కో, అగనంపూడిలో టాటావాళ్ళ హోమీ బాబా ఆస్పత్రికో వెళ్ళాలి. ఒకసారి స్కానింగుకి, ఒకసారి ముక్క తీయడానికి, ఒకసారి ఫలితానికి. తోడు మగమనిషి రావాలి, ఇద్దరి కూలీ పోవాలి. అది జీడిపిక్కల కాలమైతే ఏడాది ఆదాయమే పోవాలి. ఉచిత వైద్యం పథకం రోగం తేలాక అందుకుంటుంది. తేలేదాకా తిరిగే ఖర్చు ఆవిడదే. తేలాక మూడు వారాలకోసారి కీమో. రేడియేషన్ అయితే వారానికి ఐదు రోజుల చొప్పున మూడు నుంచి ఐదు వారాలు పట్నంలోనే మకాం. ఎక్కడ? తెర మీద ఆ గడి లేదు.

మొదటి ప్రయాణంలోనే ఆగిపోయినవాళ్ళకి స్క్రీనింగ్ చేసిన మేలేమిటో చెప్పండి. అంతకుముందు తెలియని భయం ఒకటి ఇచ్చి, దాన్ని పోగొట్టే దారి ఇవ్వలేదు. ఊళ్ళో గుసగుస అదనం. పట్నం ఆడవాళ్ళకి జరిగే హాని వైద్యం ఎక్కువై, ఇక్కడ జరిగేది సగంలో తెగి. ఏఎన్ఎంని అనడానికి లేదు. ఆవిడ చేతిలో ఉన్న ఒక్క మీటా ఆవిడ నొక్కింది.

దారి లేదంటారు. 1922-24 మధ్య ఒక్క మనిషి కోసం మలబారు పోలీసులూ అస్సాం రైఫిల్సూ ఈ కొండలెక్కారు. మంప దగ్గర పట్టుకుని 1924 మే 7న కొయ్యూరులో కాల్చి చంపేదాకా వాళ్ళకి దారి దొరుకుతూనే ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కూలీ ఎగ్గొట్టి మన్యంవాళ్ళ చేత రోడ్డు వేయించాడు, పితూరీకి అదీ ఒక కారణం. నూరేళ్ళు దాటాయి. ఆ మనిషి, అల్లూరి సీతారామరాజు పేరే 2022లో జిల్లాకి పెట్టారు. ఆ జిల్లాలో రోగుల్ని ఇప్పటికీ డోలీ కట్టి మోస్తున్నారు.

చేత్తో చేసే పరీక్ష పనికిమాలినదేం కాదు. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్‌వాళ్ళు 1998లో మొదలుపెట్టి 1,51,538 మంది ఆడవాళ్ళతో చేసిన అధ్యయనం ఫలితం 2021లో వచ్చింది. ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకోసారి చేత్తో చూసినందుకే జబ్బు తక్కువ దశలో దొరికింది. 50 దాటినవాళ్ళలో చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవాళ్ళలో తగ్గలేదు, అందర్నీ కలిపితే కనబడ్డ 15 శాతం తగ్గుదల కాకతాళీయం కాదని గట్టిగా చెప్పడానికి చాలదు. ఇందులో మనవాళ్ళు ఎత్తి రాసుకునేది 30 మాత్రమే. రాయనిది ఇంకొకటుంది: గడ్డ తగిలిన ప్రతివాళ్ళకీ అదే నగరంలో టాటా మెమోరియల్ ఉంది, లోకల్ రైలు ఉంది, వెంటపడి తీసుకెళ్ళే మనుషులున్నారు. మనం ముంబయి నుంచి చెయ్యి తెచ్చుకున్నాం, రైలు అక్కడే వదిలేశాం.

ఈ వ్యాసం చదివి ‘చూశారా, స్క్రీనింగే దండగ’ అని చంకలు గుద్దుకునే మేధావులకి ఒక మాట. ఒక్క 2022లోనే మన దేశంలో రొమ్ము క్యాన్సర్ కొత్తగా సుమారు 1,92,000 మందికి వచ్చింది, 98,000 మందిని చంపింది. అతి నిర్ధారణ గురించి బాధపడే యోగం కొయ్యూరుకి ఇంకా పట్టలేదు. దాన్ని సాకుగా చూపి ఏఎన్ఎంని ఇంట్లో కూర్చోబెట్టకండి.

ఆరోగ్య శాఖని అడిగేది చిన్నదే. ఆ తెర మీద ‘స్క్రీనింగ్ పూర్తి’ పక్కన మరో మూడు గడులు పెట్టండి: రిఫర్ చేసినవాళ్ళలో నెలలోపు ముక్కపరీక్ష ఎంతమందికి జరిగింది, చికిత్స ఎంతమందికి మొదలైంది, ఎంతమందికి పూర్తయింది. మండలం వారీగా ప్రతి నెలా పాడేరు ఐటీడీఏ గోడకి అంటించండి. నిర్ధారణకి ముందు తిరిగే ఛార్జీలూ, పట్నంలో మకాం ఖర్చూ ఇవ్వండి. గులాబీ బెలూన్ల డబ్బు అటు మళ్ళించినా మాకేం అభ్యంతరం లేదు.

చదువుతున్న అక్కచెల్లెళ్ళకి ఒక్క మనవి. పైన రాసిన తగువంతా ఏ లక్షణమూ లేనివాళ్ళ గురించి. రొమ్ములో గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన లోపలికి లాగినా, అందులోంచి రక్తం వచ్చినా ఆ తగువుతో మీకు పనిలేదు. అది ఏ నెలైనా, నొప్పి లేకపోయినా, వెంటనే డాక్టరుకి చూపించుకోండి.