అగ్నిపర్వతం దగ్గర డ్యూటీ చేశారా?

పిట్టలవానిపాలెం మండలంలో అగ్నిపర్వతం లేదు. చందోలులో బండ్లమ్మ తల్లి గుడి ఉంది, వెలనాటి చోళుల నాటి శాసనాలున్నాయి, చుట్టూ వరి చేలున్నాయి, కాస్త కిందికి పోతే సముద్రముంది. అగ్నిపర్వతం మాత్రం లేదు. ఈ లోటు మన మిలట్రీ వాళ్ళకి ఎంత నష్టం చేస్తోందో ఏ ఎమ్మెల్యే పట్టించుకోలేదు, ఏ మేనిఫెస్టోలోనూ రాయలేదు.

నవ్వకండి. సైనికుడికి మానసిక జబ్బు చేస్తే అది ఉద్యోగం వల్ల వచ్చిందో కాదో తేల్చడానికి సైనిక వైద్యాధికారులకు ఒక మార్గదర్శిని ఉంది. ఎక్కడెక్కడ మతి చెదిరితే సర్కారు ఒప్పుకుంటుందో దాని 2008 నాటి ప్రతిలో జాబితా ఇచ్చారు. యుద్ధరంగం, తిరుగుబాటు ప్రాంతం, మంచుకొండలు, మనిషి జాడ లేని పోస్టు, జలాంతర్గామి ప్రమాదం, భూకంపం, తుపాను, సునామీ, ఆఖరికి అగ్నిపర్వతం పేలడం. అది ఊరికే పేలితే చాలదు, అక్కడ కుళ్ళిన శవాల మధ్య పనిచేసి ఉండాలి. మన దేశంలో రగిలే అగ్నిపర్వతం ఒక్కటే. అండమాన్లలో బారెన్ ద్వీపం. అక్కడ జనం ఉండరు. ఇక శవాలెక్కడివి?

జాబితాలో తుపాను ఉన్నందుకు మన తీరంవాళ్ళం పుస్తకం రాసినవారికి రుణపడి ఉండాలి. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలోనూ బాపట్ల చుట్టుపక్కలా శవాలు మోసినవాళ్ళకి ఎన్నేళ్ళపాటు నిద్ర పట్టలేదో ఇక్కడి పెద్దవాళ్ళకి పుస్తకం చూడకుండానే తెలుసు. అంతవరకు బాగానే ఉంది. కానీ పక్క మంచం మీద తోటివాడు తుపాకీతో కాల్చుకు చస్తే ఆ రక్తం కడిగి అదే రాత్రి కాపలాకి నిలబడ్డ జవాను ఏ పద్దులోకి వస్తాడు? ఆ జాబితాలో ఏ పద్దులోకీ రాడు. అది జరిగింది కంటోన్మెంటులో కాబట్టి అది శాంతి ప్రాంతం. శాంతి ప్రాంతంలో మతి చెదిరిందంటే తప్పు మతిదే. మెడికల్ బోర్డు రెండు ప్రశ్నలకు రెండు జవాబులు రాస్తుంది. ఉద్యోగం వల్ల వచ్చిందా? కాదు. ఉద్యోగంలో ముదిరిందా? కాదు. మరెలా వచ్చింది? ఒంటి తత్వం, పుట్టుకతోనే ఉంది.

పుట్టుకతోనే ఉందట! మనవాడు భర్తీకి వెళ్ళిన రోజు గుర్తుచేసుకుందాం. మైలు దూరం పరిగెత్తించారు, ఛాతీ కొలిచారు, పళ్ళు లెక్కపెట్టారు, చెవిలోకి టార్చి కొట్టి చూశారు. సైన్యంలో ఆరోగ్యానికి ‘షేప్’ అని ఒక లెక్క ఉంది. అందులో మొదటి అక్షరం మనసుకి సంబంధించింది. మనసు భేషుగ్గా ఉంటే ఒకటో నంబరు వేస్తారు. ఆ ఒకటి వేసి, ముద్ర కొట్టి, తీసుకున్నది వాళ్ళే. పొరుగువాడి ఎద్దుని దుక్కికి తోలుకెళ్ళి, కాలు విరిచి తెచ్చి కట్టేసి, ‘ఇది పుట్టుకుంటిదయ్యా, నువ్వు చూసుకోలేదు’ అంటే మన ఊళ్ళో ఊరుకుంటారా? పంచాయితీ పెట్టి కక్కిస్తారు. ఢిల్లీలో మాత్రం అదే మాటకి మూడు సంతకాలు, ఒక ఫైలు నంబరు దొరుకుతాయి.

పోనీ, చట్టంలో మొదటినుంచీ లొసుగుందా అంటే అదీ లేదు. 2008లో మార్చేదాకా నడిచిన 1982 నాటి పింఛను నియమాలు చూడండి. చేరినప్పుడు జబ్బు ఉన్నట్టు కాగితం మీద లేకపోతే మనిషి ఆరోగ్యంగానే చేరాడని అనుకోవాలి, తర్వాత జబ్బు చేసి పంపేస్తే అది ఉద్యోగం వల్లే అనుకోవాలి, రుజువు చేసే బరువు సైనికుడి మీద వేయకూడదు, అనుమానం ఉంటే ఆ మేలు అతనికే దక్కాలి అని అందులో ఉంది. సైనిక వైద్య నిబంధనల్లో 423వది ఇంకా స్పష్టం. జబ్బు యుద్ధరంగంలో మొదలైందా, శాంతి ప్రాంతంలో మొదలైందా అన్నది చూడక్కర్లేదని రాశారు. అంటే ‘శాంతి ప్రాంతం’ అని కొట్టేసే బోర్డు తన ఇంటి పుస్తకాన్నే చదవలేదన్నమాట. సైన్యంలో అందరికీ డ్రిల్లుంటుంది, చదువుకి మాత్రం లేనట్టుంది.

ఈ నియమాలన్నీ వరసగా పేర్చి 2013 జులైలో సుప్రీంకోర్టు ధరమ్‌వీర్ సింగ్ కేసులో తీర్పు ఇచ్చింది. ఆయన 1985లో సైన్యంలో చేరాడు. మూర్ఛ జబ్బని 1994లో ఇంటికి పంపారు. హైకోర్టులో ఒకసారి గెలిచి, అదే హైకోర్టులో మళ్ళీ ఓడి, సుప్రీంకోర్టు దాకా వెళ్ళి గెలిచేసరికి 2013 వచ్చింది. సైన్యంలో సుమారు 9 ఏళ్ళు, కాగితాల్లో 19 ఏళ్ళు. అదే ఏడు వీర్‌పాల్ సింగ్ అనే సైనికుడి స్కిజోఫ్రీనియా కేసులో న్యాయమూర్తులు స్వయంగా వైద్య గ్రంథాలు తిరగేసి, మళ్ళీ పరీక్ష చేయండని కేసుని బోర్డుకి పంపాల్సి వచ్చింది. డాక్టర్లు చదవాల్సింది జడ్జీలు చదివారు. ఇక 2025 మే నెలలో రాజుమోన్ కేసు, అదీ స్కిజోఫ్రీనియానే. కారణం రాయని బోర్డు మాట పట్టుకుని పింఛను ఎగ్గొట్టడం చెల్లదని సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పింది. పన్నెండేళ్ళకి అదే పాఠం, అదే క్లాసు. ఈ మధ్యలో 2023 సెప్టెంబరులో నియమాల్ని తిరగరాశారు. సర్వీసు పూర్తిచేసుకుని దిగినవాళ్ళకిచ్చే వైకల్య భత్యానికి ‘ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్’ అని కొత్త పేరు పెట్టారు. బారసాల ఘనంగా చేశారు, పాలు మాత్రం పెంచలేదు.

ఇప్పుడు మన పిట్టలవానిపాలెం మండలంలోనే ఒక హవల్దారు ఉన్నాడనుకోండి. మంచం కింద నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల రంగుతో నంబరు, పేరు. అందులో డిశ్చార్జి పుస్తకం, సగం చెదిరిన కార్బన్ కాపీ, ‘మీ అర్జీ తిరస్కరించడమైనది’ అని ఒక ఇంగ్లీషు ఉత్తరం. ఊళ్ళో ఆయన్ని ముందు ‘మిలట్రీ బాబాయి’ అనేవాళ్ళు, ఇప్పుడు పిల్లలు వెనకనుంచి ఇంకోటంటున్నారు. ఆయన రాత్రిళ్ళు గేటు దగ్గర నిలబడి ఎవరో వస్తున్నారని కాపలా కాస్తాడు. ఆయన చేయాల్సిందల్లా ఇంతే: ఉత్తరం అందిన ఆరు నెలల్లోగా మొదటి అప్పీలు రాయాలి. అది కొట్టేస్తే రెండోది. ఫిరంగిదళం వాడైతే నాసిక్ రికార్డు ఆఫీసుకి, పింఛను సంగతైతే ప్రయాగ్‌రాజ్‌కి, అప్పీలైతే ఢిల్లీకి కాగితాలు నడపాలి. అదీ కాకపోతే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉంది. 2007 చట్టంతో పుట్టి 2009లో తెరిచారు, మన వైపుకి చెన్నై బెంచి. బాపట్లలో రైలెక్కితే ఒక పూటలో చెన్నై చేరొచ్చు. వాయిదాకి ఒక పూట, ఇంకో వాయిదాకి ఇంకో పూట, వకీలు ఫీజు వేరే. ఆలస్యమైతే ఆలస్యానికి సంజాయిషీ కూడా ఆయనే రాయాలి. ఏమని రాస్తాడు? ‘అయ్యా, నాకు మతి సరిగా లేనందున’ అనా? అది వాళ్ళ ప్రకారం రుజువు కాలేదు కదా!

ఈ పద్ధతిలో ఉన్న అసలు తెలివి ఇదే. మతి చెదిరిందని ఒప్పించాలంటే చెదరని మతి ఉండాలి. తేదీలు గుర్తుండాలి, కాగితాలు జాగ్రత్త చేయాలి, పదేళ్ళు ఓపిక పట్టాలి, ఆఫీసులో గుమస్తా కసిరితే నవ్వాలి. ఇవన్నీ చేయగలిగినవాడికి జబ్బు లేదని సులువుగా తేల్చొచ్చు. చేయలేనివాడు మధ్యలో మానేస్తాడు. మానేసినవాడి పింఛను ఖజానాకి మిగులు. అందుకే దీన్ని నిర్లక్ష్యం అంటే నేనొప్పుకోను, ఇంత క్రమశిక్షణగా నడిచే నిర్లక్ష్యం ఎక్కడా ఉండదు.

మిగులెంతో కూడా చూద్దాం. నూటికి నూరు శాతం వైకల్యానికి ఆఖరి జీతంలో 30 శాతం ఇస్తారు. 20 శాతం వైకల్యాన్ని నియమం ప్రకారం 50కి సర్దితే అది జీతంలో 15 శాతం. ఆఖరి జీతం 40,000 రూపాయలనుకుంటే నెలకి 6,000. బోర్డు 20కి బదులు 19 రాస్తే ఆ తలనొప్పీ లేదు, ఎందుకంటే గీత 20 దగ్గర గీశారు. ఈ సర్దుబాటు సర్వీసు పూర్తిచేసినవాళ్ళకీ వర్తిస్తుందా అన్న ఒక్క సంగతి మీద ప్రభుత్వం సుప్రీంకోర్టులో వందలకొద్దీ అప్పీళ్ళు వేసింది. 2014 డిసెంబరులో రామ్ అవతార్ కేసులో అన్నీ కొట్టేశారు. మరుసటి ఏడు మనోహర్ పారికర్ రక్షణమంత్రిగా ఉండగా వేసిన నిపుణుల కమిటీ కూడా, తేలిపోయిన విషయాల మీద సైనికులతో అప్పీళ్ళాట ఆపమని చెప్పింది. చెప్పడం వారి వంతు.

‘దొంగ దావాలుంటాయి కదండీ’ అని ఒక పెద్దమనిషి అంటాడు. ఉంటాయి. నటించేవాడు ఎక్కడైనా ఉంటాడు. కానీ ఈ తిప్పలకి తట్టుకుని నిలిచేది ఎవడు? నటించేవాడే. వాడికి నిద్ర పడుతుంది, కాగితాలు వరసలో ఉంటాయి, వకీలు దొరుకుతాడు. నిజంగా జబ్బున్నవాడు మొదటి ఉత్తరానికే కూలబడతాడు. దొంగని ఆపడానికి పెట్టిన కంచె దొంగని దాటనిచ్చి, ఇంటివాణ్ణి బయట నిలబెడుతోంది.

అమెరికాలోనూ ఈ తంతు ఉంది. అక్కడ 125 రోజులు దాటిన మాజీ సైనికుల దావాని పెండింగు బాకీగా లెక్కిస్తారు. 2013 మార్చిలో అలాంటివి 6 లక్షలు దాటేసరికి దేశమంతా గగ్గోలైంది. మన దగ్గర ఆ అవమానం రాదు. ఇన్ని రోజులు దాటితే ఆలస్యం అని గీత గీస్తే కదా ఆలస్యం ఉండేది! మన గీత 20 శాతం దగ్గర మాత్రమే ఉంది.

కాబట్టి నాదొక చిన్న మనవి, ఖజానాకి పైసా ఖర్చు లేనిది. ‘ఈ జబ్బు చేరకముందే ఉంది’ అని మెడికల్ బోర్డు రాసిన ప్రతిసారీ, భర్తీ రోజున ‘మనసు ఒకటో నంబరు’ అని సంతకం పెట్టిన డాక్టరుకి అదే పూట నోటీసు పంపాలి. ఉన్న జబ్బుని చూడకుండా దేశం చేతికి తుపాకీ ఇప్పించినందుకు ఆయన ఆరు నెలల్లోగా సంజాయిషీ రాయాలి. నచ్చకపోతే రెండో అప్పీలు, అదీ పోతే చెన్నై. సొంత శాఖ మనిషే బాపట్ల స్టేషన్లో ట్రంకు పెట్టె మీద కూర్చుని రైలు కోసం చూసే రోజు వస్తే, దేశంలో పుట్టుకతో వచ్చే పిచ్చి ఒక్క ఏడాదిలో మాయమవుతుంది.