టోపీ శాస్త్రం

ఏ శాస్త్రానికైనా ముందుగా నాలుగు సంగతులు చెప్పాలన్నారు పెద్దలు: విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి. ఇక్కడ విషయం టోపీ. అంటే ఫైబర్ ఛానెల్ కేబులు కొసకు తొడిగే డస్ట్ క్యాప్, ఇంచుమించు చింతగింజంత. ప్రయోజనం ధూళి నివారణ. టోపీకీ ధూళికీ ఉన్న సంబంధం దాంపత్యమా, శత్రుత్వమా అన్నది కాసేపట్లో తేలుతుంది. అధికారి ఎవరంటే, అర్ధరాత్రి డేటా సెంటర్ చలిలో స్వెట్టరు వేసుకుని, ఆ టోపీ ఎక్కడ పెట్టానా అని జేబులు తడుముకుంటున్నవాడు ఎవడైనా సరే.

బ్యాంకులాంటి చోట లెక్కలు వేసే సర్వర్లు ఒక వరసలో ఉంటాయి, లెక్కలు దాచే డిస్కులు మరో వరసలో ఉంటాయి. ఆ రెంటికీ మధ్య వేసిన ప్రత్యేకమైన బాట ఫైబర్ ఛానెల్. 1988లో పని మొదలై, 1994లో అమెరికా ప్రమాణంగా ఆమోదం పొందింది. ఈ బాట మీదికి రాగి తీగల్ని కూడా రానివ్వాలనుకున్నప్పుడు, పేరు వినగానే గాజుపోగు ఒక్కటే గుర్తుకు రాకుండా ప్రమాణం రాసిన సంఘం వారు ఫైబర్ స్పెల్లింగును బ్రిటిషు పద్ధతికి మార్చారు. దాని మీద ఇంగ్లీషులో రాసేవాళ్ళు ఇప్పటికీ ఒకరినొకరు దిద్దుకుంటూనే ఉన్నారు. తెలుగులో ఎటు తిప్పి రాసినా ఫైబరే. ఆ తగవును మన లిపి గడప దాటనివ్వలేదు.

వేగం విషయంలోనూ పేరొకటి, నడక ఒకటి. 32 జీ అని పిలిచే లింకు మీద నిజంగా నడిచేది సెకనుకు 28.05 గిగాబిట్లు. ఇందులో మోసమేమీ లేదు. పాత పద్ధతిలో 8 బిట్ల సరుకు మొయ్యడానికి 10 బిట్లు పట్టేవి, కొత్తదానిలో 64కి 66 చాలు. మోత కూలి తగ్గింది కాబట్టి కొంచెం నెమ్మదిగా నడిచినా చెప్పినంత సరుకూ చేరుతుంది.

అయితే ఈ బాట గొప్పదనం వేగం కాదు, మర్యాద అని నా అభిప్రాయం. మామూలు ఈథర్‌నెట్ అంటే పిలవకపోయినా జనం ఎగబడే పెళ్ళి. చోటు దొరకనివాడు వెనక్కి పోతాడు, మళ్ళీ రావాలి. ఫైబర్ ఛానెల్‌ది బంతి భోజనం. ఎన్ని విస్తళ్ళు ఖాళీగా ఉన్నాయో లోపలినుంచి కబురు వస్తే, అంతమందే గుమ్మం దాటుతారు. ఆ విస్తళ్ళ లెక్కకే బఫర్ క్రెడిట్ అని పేరు. ఒకరు తిని లేవగానే 'ఆర్ రెడీ' అనే చిన్న సంకేతం బయటికి వస్తుంది, ఇంకొకరు లోపలికి వెళ్తారు.

ఇంతటి మర్యాదస్తుల ఇంట్లోకి ఒక ధూళి కణం వచ్చిందనుకోండి. వెలుగు నడిచే దారి, అదే కోర్, 50 మైక్రాన్లు. ఎక్కువ దూరాలకు వాడే పసుపు కేబుల్లో అయితే 9 మైక్రాన్లే. దాని పక్కన తలవెంట్రుక మోకులా ఉంటుంది. అక్కడ కణం అడ్డుపడితే కొన్ని ఫ్రేములు, అంటే సరుకు మూటలు, చెడిపోతాయి. చెడినదాన్ని ఫైబర్ ఛానెల్ తనంతట తాను మళ్ళీ పంపదు. పైన ఉన్న సర్వరు ఎదురు చూసి చూసి తిరిగి అడగాలి. లినక్సు సర్వరైతే డిస్కు కోసం మామూలుగా 30 సెకన్లు ఎదురు చూస్తుంది. అంతకన్నా ఘోరం, చెడిపోయింది ఆ 'ఆర్ రెడీ'యే అయితే. విస్తరి ఖాళీ అయింది, కబురు మాత్రం రాలేదు. లెక్కలో ఒక విస్తరి పోయినట్టే. అలా ఒక్కొక్కటే తగ్గుతూ పోతే వంటలన్నీ సిద్ధంగా ఉండగానే పెళ్ళివారంతా గుమ్మం బయట నిలబడిపోతారు.

ఇక్కడ పూర్వపక్షి లేచి, "టోపీ ఉందిగా, ధూళి ఎలా వచ్చింది?" అంటాడు. సిద్ధాంతం: టోపీయే తెచ్చింది.

ఒక రాత్రి కొత్త కేబులు వేసినా ఎర్రర్ల లెక్క పెరుగుతూనే ఉంది.

"కొత్తదే అన్నా, ఇప్పుడే కవర్ చింపిన," అన్నాడు మా కుర్రాడు.

"టోపీ?"

"తీసి జేబుల పెట్టిన. పోర్టు దొరకలే, మళ్ల తొడిగిన."

జేబు తిప్పి చూపించమన్నాను. రెండు టోపీలు, ఒక పెన్ను మూత, వక్కపొడి పొట్లం. కేబులు కొసను 400 రెట్లు చూపించే స్కోపులో పెట్టాం. గుండ్రటి తెల్లటి నేల, దాని నడుమ బూడిదరంగు చక్రం, చక్రం మధ్యలో వెలుగు చుక్క. ఆ చుక్కలో సగాన్ని కప్పుతూ ఒక నల్లటి బండరాయి. పక్కన ఎవరి వేలిదో జిడ్డు చార. క్లీనింగ్ పెన్ను పెట్టి టక్కుమని ఒకసారి నొక్కితే బండ పక్కకు జరిగింది. రెండోసారికి పోయింది.

జేబులో పెట్టకపోయినా టోపీని నమ్మడానికి లేదు. అచ్చులోంచి ప్లాస్టిక్ సులువుగా ఊడిరావడానికి పూసే జిగట దాని లోపల మిగలవచ్చు. అందుకే టోపీ తీసిన ప్రతిసారీ స్కోపులో చూసి, అవసరమైతే తుడిచి, మళ్ళీ చూసి గుచ్చాలంటారు. మోసపోయినవాడి గురించి చెప్పేటప్పుడు 'టోపీ పెట్టారు' అనే మనవాళ్ళు ఈ సూత్రాన్ని ఎప్పుడో రాసిపెట్టారు.

మురికికి చట్టం కూడా ఉంది. ఐఈసీ 61300-3-35 అనే ప్రమాణం పాత కూర్పుల్లో ఆ కొసను కోర్, క్లాడింగ్, జిగురు, స్పర్శ అని నాలుగు మండలాలు చేసి, ఏ మండలంలో ఎంత గీతను మన్నించవచ్చో నిర్ణయించింది. 1.25 మిల్లీమీటర్ల జిల్లాకు నాలుగు మండలాలు!

టోపీల జనాభా లెక్కల దగ్గరే శాస్త్రం చేతులెత్తేస్తుంది. ఆ రాత్రి ఎనిమిది కేబుళ్ళు మార్చాం. కేబులుకు రెండు కొసలు, కొసకు రెండు పోగులు, పోగుకొక టోపీ. మొత్తం 32 రావాలి. బల్ల మీద పోసి లెక్కపెడితే 33. మళ్ళీ లెక్కపెట్టాను. 33. కుర్రాడు తన జేబు ఇంకోసారి తిప్పి చూపించాడు. ఈసారి వక్కపొడి మాత్రమే ఉంది. సరే అని అన్నీ కలిపి డబ్బాలో పోశాను.

డబ్బా మూత కనిపించలేదు.