షావుకారు గారికి ఆడిటర్ కావాలి

మా బజారు షావుకారు గారు ఏడాది పొడుగునా ఆడిటర్ని వెతుకుతూనే ఉంటారు. పాతాయన ఏమయ్యాడని అడిగితే, కన్నం వేసి పోయినవాడి సంగతి చెబుతున్నట్టు, "ఆయనా? పన్ను కట్టించేశాడండీ!" అంటారు.

వెతకడమంటే టీ కొట్టు దగ్గర నిలబడి పక్క కొట్టువాణ్ని అడగడమే. "మీ ఆడిటర్ నెలకెంత తీసుకుంటాడు? ఆఫీసులో తెలిసినవాళ్లున్నారా?" ఈ రెండిటితో ఇంటర్వ్యూ ముగిసింది. సీఏ పాసయ్యాడా, జీఎస్టీ ప్రాక్టీషనరుగా పేరు నమోదు చేయించుకున్నాడా, ట్యాలీ నేర్చుకున్న కుర్రాడా అన్న పట్టింపు లేదు. ముగ్గురిలో తక్కువ అడిగినవాడే ఘనుడు.

దొరికాక బేరం.

"అమ్మకాల్లేని నెలక్కూడా ఫీజేనా?"

"అప్పుడూ నిల్ రిటర్ను వేయాలి షావుకారు గారూ. ఆలస్యమైతే రోజుకు 20 రూపాయలు. పన్ను కట్టాల్సిన నెలైతే 50."

"అయితే కొట్టు మూసుకుంటే రోజుకు 30 మిగులన్నమాట!"

నెలనెలా రిటర్ను వేసేవాళ్లకు జీఎస్టీఆర్-3బీ రిటర్ను గడువు మర్నెల 20వ తేదీ. ఆ సాయంత్రం దాకా షావుకారు గారు కనబడరు. దీపాలు పెట్టే వేళకు బట్టల కొట్టు సంచీ ఒకటి ఆడిటర్ బల్ల మీద వాలుతుంది. అందులో కొన్న సరుకు బిల్లులు, కరెంటు బిల్లు, ఎవరిదో శుభలేఖ ఉంటాయి. అమ్మిన బిల్లులేవంటే, "అవి నోటిలెక్కండీ" అని సమాధానం.

"ఈ బిల్లు మీద కట్టిన పన్నుకి క్రెడిట్ రాదు. పోర్టల్లో జీఎస్టీఆర్-2బీ పట్టికలో కనబడటం లేదు."

"బిల్లు చేతిలో ఉందిగా!"

"అమ్మినాయన తన రిటర్నులో చూపిస్తేనే మీకు వస్తుంది. ఆయనా మీలాంటివాడేనేమో, వాళ్ల ఆడిటర్కి సంచీ ఇంకా చేరినట్టు లేదు."

షావుకారు గారి నాన్నగారి హయాంలో చిట్టా, ఆవర్జా కొట్లోనే ఉండేవి. రాత్రి నిల్వ తేలితేగాని గుమాస్తాకి ఇంటికెళ్లే యోగం లేదు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, లెక్కలు ఊరు దాటి ఆన్‌లైనుకెక్కాయి. ఇప్పుడు పాస్‌వర్డు ఆడిటర్ దగ్గర, ఓటీపీ ఆడిటర్ ఫోనుకు, నోటీసు ఆడిటర్ ఈమెయిలుకు. షావుకారు గారి వాటాకు మిగిలింది బాధ్యత ఒక్కటే. అది తెలిసేది ఆడిటర్ని మార్చిన రోజున. పాస్‌వర్డు అడిగితే పాతాయన బాకీ ఫీజుల పట్టీ తీస్తాడు.

ఆడిటర్ కోసం తిరుగుతున్న మహానుభావులకు ఒక్క మాట. జీఎస్టీ పోర్టల్లో మీ ఫోను నంబరు, మీ ఈమెయిలే ఇవ్వండి. సీఏ సర్టిఫికెట్ ఇస్తే దాని మీద అంకెలు, అక్షరాలు కలిపి 18 ఉండే యూడిన్ అనే గుర్తింపు సంఖ్యని సీఏల సంస్థ ఐసీఏఐ వెబ్‌సైటులో సరిచూసుకోండి. "పన్ను లేకుండా చేస్తా" అన్నవాడికి దణ్ణం పెట్టి, నెల మొదట్లోనే బిల్లులడిగి ప్రాణం తీసేవాణ్ని కుదుర్చుకోండి. ఆడిటర్ ఎవరైనా, నోటీసు మాత్రం మీ పేరు మీదే వస్తుంది.