మీ డబ్బాలో కరెంటు మిగిలిందా?

సంబంధం కుదుర్చుకోవాలంటే అటేడు తరాలూ ఇటేడు తరాలూ ఆరా తీసే మనం, కంప్యూటర్‌కి యూపీఎస్ కొనబోయినప్పుడు అడిగేవి రెండే ప్రశ్నలు. ఎంత? ఎంతసేపొస్తుంది? మొదటిదానికి దుకాణదారు నిజం చెబుతాడు. రెండోదానికి "అరగంటకి ఢోకా లేదు సార్" అంటాడు. ఆయన అరగంట వేరు, బ్యాటరీ అరగంట వేరు.

"ఈరోజుల్లో కోతలెక్కడున్నాయి బావా, యూపీఎస్ దండగ" అన్నాడు మా బామ్మర్ది. నిజమే, పూర్వపు కోతకి ఒక పద్ధతుండేది. పొద్దున ఇన్ని గంటలు, సాయంత్రం ఇన్ని గంటలు అని పేపర్లో వేయించి మరీ తీసేవాళ్లు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన గ్రిడ్లు కుప్పకూలితే మన దక్షిణాది గ్రిడ్ చెక్కు చెదరలేదు. అప్పటికింకా మనం వాళ్లతో జతపడలేదు మరి, ఆ ముచ్చట 2013 డిసెంబరు 31న తీరింది. అయినా ఆ రోజుల్లో మనకి చీకటికేం లోటు రాలేదు. మన కోతలు మనం స్వయంకృషితో సాధించుకున్నాం.

ఇప్పటి కోతకి ఆ మర్యాద లేదు. ఏ కొమ్మో తీగకి తగులుతుంది, కరెంటు ఇలా పోయి అలా వచ్చేస్తుంది. తిరుగుతున్న ఫ్యానుకి ఆ సంగతే తెలీదు. కంప్యూటర్ లోపల కరెంటు పంచే ఎస్‌ఎంపీఎస్‌కి మాత్రం ఓపిక తక్కువ, సుమారు 16 మిల్లీసెకన్లు. అది దాటిందా, సేవ్ చెయ్యనిదంతా గోవిందా. యూపీఎస్ కొనేది గంటల కోత కోసం కాదు, ఈ రెప్పపాటు కోసం.

"ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా?" అన్నాడు మళ్లీ. ఉంది. చాలా ఇన్వర్టర్లకి ఒక చిన్న మీట ఉంటుంది, బిగించి వెళ్లినతను తప్ప ఎవరూ దాని మొహం చూడరు. నార్మల్ వైపు ఉంటే, కరెంటు పోయిందని గ్రహించి అది తేరుకునేసరికి కంప్యూటర్ పైలోకాలకెళ్లి తిరిగి బూట్ అవుతూంటుంది. యూపీఎస్ వైపు నెడితే చటుక్కున అందుకుంటుంది గానీ, అప్పుడు దానికి మడి ఎక్కువ. ఓల్టేజి 180కి తగ్గితే ఆ కరెంటు ముట్టదు. చుట్టుపక్కల బోరు మోటార్లన్నీ ఒకేసారి అందుకున్నాయంటే మా వీధిలో 160 ఉంటే గొప్ప. అంచేత కరెంటు ఉండగానే బ్యాటరీని తోడేసుకుని, అసలు కోత వచ్చేవేళకి చేతులెత్తేస్తుంది. లైన్ ఇంటరాక్టివ్ రకం యూపీఎస్‌లకి ఈ పట్టింపు తక్కువ. ఇక్కడ దొరికే వాటిలో చాలా మటుకు 140 నుంచి 300 ఓల్టుల దాకా ఏది వచ్చినా, బ్యాటరీ జోలికి పోకుండా సర్దుకుపోతాయి. లో ఓల్టేజీ ఊళ్లలో నా ఓటు దానికే.

ఇక అంకెల సంగతి. డబ్బా మీద 600 వీఏ అని అరచెయ్యంత అక్షరాలుంటాయి. వెనక్కి తిప్పి కళ్లజోడు సవరించుకుంటే, 360 వాట్స్ అని చీమ తలకాయంత కనిపిస్తుంది. మనకి కావలసింది చీమ తలకాయే. లోపల సాధారణంగా 12 ఓల్టుల, 7 యాంపియర్ అవర్ల బ్యాటరీ ఒకటుంటుంది. రెండూ గుణిస్తే 84 వాట్ అవర్లు. కంప్యూటరూ మానిటరూ కలిసి 120 వాట్లు తింటే, కాగితం మీద 42 నిమిషాలు రావాలి. కాగితం మీద మాత్రమే. మార్పిడిలో కొంత పోతుంది, ఆత్రంగా లాగేకొద్దీ బ్యాటరీ ఇచ్చేదీ తగ్గుతుంది. పావుగంట పైన వస్తే సంతోషించాలి. గేమ్స్ కార్డు ఉన్న కుర్రాళ్లకైతే "సేవ్" నొక్కి దణ్ణం పెట్టుకునేంత వ్యవధి. వాళ్లు సైన్ వేవ్ ఇచ్చే రకం కొనుక్కోవడం మేలు, కొన్ని కొత్త ఎస్‌ఎంపీఎస్‌లకి మెట్లు మెట్లుగా వచ్చే కరెంటు అరగదు.

అసలు పరీక్ష డబ్బా ఇంటికొచ్చాక. వెనక ఖాళీ సాకెట్ కనిపిస్తే మనవాళ్లకి నిద్రపట్టదు. ఫోన్ చార్జర్లు చేరతాయి, దోమల మందు చేరుతుంది. వైఫై రౌటర్ చేరితే తప్పులేదు, అది తినేది పది పన్నెండు వాట్లే. ఓ సాయంత్రం కరెంటు పోయి, బీప్ బీప్‌మని వీధంతా వినబడుతుంటే, మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి మొహమాటంగా అడిగారు. "అల్లుడుగారూ, కొబ్బరి పచ్చడి సగంలో ఉంది. మీ డబ్బాలో ఏమన్నా కరెంటు మిగిలిందా?"

ఆవిడ మిక్సీ 750 వాట్లు. పెద్దావిడకి వాట్ల లెక్క చెప్పడం కన్నా రోలు కడిగివ్వడం తేలికనిపించింది. పచ్చడి కూడా అదే బాగుంది. లేజర్ ప్రింటర్‌దీ ఇదే కథ. లోపల కాగితాన్ని వేడిచేసే పరికరం ఒక్కసారిగా వందల వాట్లు గుంజుతుంది. దాన్ని గోడ సాకెట్‌కే వదిలెయ్యండి.

యూపీఎస్ బ్యాటరీ ఆయుష్షు రెండు మూడేళ్లు, అదీ చల్లగా ఉంచితే. దాని లెక్కలన్నీ 20, 25 డిగ్రీల దగ్గర వేసినవి. పైన ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు సగానికి సగం పడిపోతుంది. రెంటచింతల, రామగుండం వాళ్లు దాన్ని తలుపులేసిన బీరువాలో దాచకుండా ఉంటే చాలు. బ్యాటరీ పోయిందని డబ్బా మొత్తం మార్చమనే దుకాణదారుకి నమస్కారం పెట్టి రండి, చాలా వాటిలో బ్యాటరీ ఒక్కటే మార్చొచ్చు. పాతదాన్ని చెత్తబండిలో పడెయ్యకండి, లోపల సీసమూ ఆమ్లమూ ఉంటాయి. 2022 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వాటిని తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులదే. కొత్తది కొనేటప్పుడు పాతదిస్తే ధరలో కొంత తగ్గించే దుకాణాలూ ఉన్నాయి. బిల్లు రాయకముందే అడగండి.