మేత ఎంత తింటాది?

మా వైపు ఇళ్లలో ల్యాప్‌టాప్ కొనడానికి ఒకటే కారణం చెల్లుతుంది: చదువు. కోడింగ్ అన్నా చెల్లుతుంది, ప్రాజెక్టు అన్నా చెల్లుతుంది, ఈ మధ్య ఏఐ అంటే ఇంకా బాగా చెల్లుతోంది. బొమ్మలు గీసుకుంటానంటే మా అమ్మ ఓ నిట్టూర్పు విడిచి ఊరుకుంటుంది. ఆటలాడుకుంటానంటే మాత్రం మాట పూర్తయ్యేలోపే నాన్న చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లిపోతారు. అందుకని నా రెండు కోరికల్లో కాస్త పరువైనదాన్ని ముందు నిలబెట్టి, రెండోదాన్ని దాని చాటున దాచాను.

"డిజిటల్ ఆర్ట్‌కి గ్రాఫిక్స్ కార్డు కావాలి నాన్నా" అన్నాను.

ఇది అబద్ధం కాదు, నీళ్లు కలిపిన నిజం. క్రిటా అనే సాఫ్ట్‌వేరులో బొమ్మ వేసుకోవడానికి కావలసింది ఓ మోస్తరు ప్రాసెసరు, 16 జీబీ ర్యామ్, రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపించే తెర. క్రిటా ఉచితం కూడాను. గ్రాఫిక్స్ కార్డుతో అసలు అవసరం బ్లెండర్‌లో త్రీడీ బొమ్మలు చేసేవాళ్లకి. నేను బ్లెండర్‌లో ఇంతవరకూ చేసింది ఒక చెంబు. వాలరెంట్ మాత్రం క్రమశిక్షణగా రోజూ ఆడతాను.

నాన్న హైస్కూలు మాస్టారు. కాదనడానికి ఆయనకి కోపం అక్కర్లేదు, ఉదాహరణ చాలు.

"వడ్డాది పాపయ్యగారు ఎక్కడ పుట్టార్రా?"

"శ్రీకాకుళంలో."

"ఎప్పుడు?"

"1921."

"చందమామ అట్టల మీద అన్నేసి బొమ్మలు ఏ గ్రాఫిక్స్ కార్డుతో వేశారో కాస్త కనుక్కుని చెప్పు."

మర్నాడు భోజనాల దగ్గరికి అంట్యాకుల పైడిరాజుగారొచ్చారు. బొబ్బిలిలో పుట్టి, విజయనగరంలో చిత్రకళాశాల పెట్టి, ఎంతోమంది చేత కుంచె పట్టించినాయన. ఆయనకీ ర్యామ్ లేదట. ఆ మర్నాడు నాన్న ఏకంగా సీతంపేట కొండలెక్కేశారు. అక్కడ సవరలు గోడ మీద బియ్యప్పిండి నీళ్లతో, పుల్లతో, ఏనుగుల్నీ గుర్రాల్నీ చిందేసే మనుషుల్నీ గీస్తారు. "బియ్యప్పిండిరా! మన వంటింట్లోనే ఉంది. ఎంత కావాలి?" అన్నారు. అమ్మ నిజంగానే డబ్బా మూత తీసింది.

ఆ సవరలే గోడని ముందు ఎర్రమట్టితో అలికితే గానీ గీత మొదలుపెట్టరనీ, తెల్లగీత సున్నపు గోడ మీద కనపడదనీ నాకు తెలుసు. అయితే మాస్టారి ఎదురుగా మాస్టారి ఉదాహరణకే సవరణలు చెప్పే అలవాటు మా ఇంట్లో లేదు.

ఈలోగా సలహాలు మొదలయ్యాయి. బెంగుళూరు బాబాయి మ్యాక్‌బుక్ తీసుకోమన్నాడు. తెర బ్రహ్మాండం, బ్యాటరీ రోజంతా వస్తుంది, నేనాడే ఆట మాత్రం అందులో రాదు. ఈ చివరి సంగతి నాన్నకి తెలిస్తే మ్యాక్‌బుక్కే ఖాయమైపోతుందని బాబాయిని బతిమాలి ఫోన్ పెట్టించాను. హాస్టల్లో సీనియరు డెస్క్‌టాప్ కట్టించుకోమన్నాడు. అదే డబ్బుకి ఇంకా బలమైన మిషను వస్తుందన్నది నిజమే. కానీ సెలవులొచ్చినప్పుడల్లా మానిటర్ని ఒళ్లో పెట్టుకుని బొబ్బిలి పల్లెవెలుగు బస్సులో నిలబడి రావడం ఎవరి వల్లవుతుంది? తెర మీదే పెన్నుతో గీసే మడత ల్యాప్‌టాప్ మరొకడు చెప్పాడు. ఆ సన్నటి ఒంట్లో ఆటలకి సరిపడే కార్డు ఇరికించినవి ఉన్నాయి, మా బడ్జెట్లో లేవు. చివరికి గేమింగ్ ల్యాప్‌టాపు ఒకటి, పక్కన పెన్ను టాబ్లెట్ ఒకటి అని తేలింది. చెయ్యి బల్ల మీద గీస్తుంది, కళ్లు తెర మీద చూస్తాయి. మొదట్లో ముక్కు గీయబోతే చెవి దగ్గర పడుతుంది. తర్వాత అలవాటైపోతుంది.

నాన్న నోటినుంచి 70,000 అన్న అంకె బయటికి వచ్చాక విజయనగరం బయల్దేరాం. తాత కూడా వచ్చాడు. అలమండ సంతలో ఎడ్లు చూసిపెట్టడంలో చుట్టుపక్కల ఊళ్లలో పేరున్న మనిషి. ఆయన చెయ్యి వేసి చూడకుండా మా ఇంటికి ఏ బరువైన సరుకూ రాలేదు.

షాపు కుర్రాడు నవ్వుతూ ఎదురొచ్చాడు. "స్టడీసా సార్, గేమింగా?"

"స్టడీస్" అన్నారు నాన్న, క్లాసులో హాజరు పలికినంత గట్టిగా.

కుర్రాడు నా మొహం చూశాడు. రోజుకి ఎంతమంది తండ్రీకొడుకుల్ని చూస్తాడో, వెంటనే అర్థం చేసుకున్నాడు. "అయితే హై ఎండ్ స్టడీస్ చూపిస్తాను సార్" అని కీబోర్డు నిండా ఎర్రా నీలం లైట్లు వెలిగే మిషను తెచ్చి బల్ల మీద పెట్టాడు.

తాత కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇదేట్రా, కొమ్ములకి ఇంత రంగేసీసినారు? ఏదో దాచీసినట్టున్నారు" అన్నాడు. ఆ తర్వాత పరీక్ష మొదలెట్టాడు. మూత ఒంటివేలితో ఎత్తాడు. మూతతోపాటు కింద చెక్కా లేచింది. "కీలు బిగుసుకుపోనాది" అని పక్కకి నెట్టాడు. రెండోదాని తెరని అంచు పట్టుకుని ఊపాడు. తిరగేసి, అడుగునున్న కన్నాల మీద అరచెయ్యి ఆనించాడు.

"ఊపిరి ఇక్కడినుంచే తీత్తాదేటి బాబూ?"

"అవును తాతగారూ."

"అయితే పరుపు మీద ఎడితే సచ్చూరుకుంతాది" అని నా వైపు తిరిగాడు. "ఇన్నావా?"

విన్నాను. ఆ మాట కుర్రాడు కూడా విన్నాడు, కొత్తగా.

అప్పుడు తాత అడిగాడు అసలు ప్రశ్న. "మేత ఎంత తింటాది?"

కుర్రాడు నవ్వాడు. నేను నవ్వలేకపోయాను, ఎందుకంటే అడగవలసింది సరిగ్గా అదే. ల్యాప్‌టాప్‌లో వచ్చే ఆర్‌టీఎక్స్ 4050 కార్డునే తీసుకోండి. దాన్ని 35 వాట్ల దగ్గర్నుంచి 115 వాట్ల దాకా ఎంతకైనా బిగించుకునే వీలు తయారీదారులకి ఉంది. స్టిక్కరు మీద పేరొకటే, లోపలికి వెళ్లే కరెంటు వేరు. తక్కువ వాట్ల మీద నడిచే పెద్ద నంబరు కార్డుని, పూర్తి వాట్లందే చిన్న నంబరు కార్డు కొన్నిచోట్ల దాటేస్తుంది కూడా. కుర్రాడు మేనేజర్ని పిలిచాడు, మేనేజరు కంపెనీ వెబ్‌సైటుని పిలిచాడు. వెతగ్గా వెతగ్గా అంకె దొరికింది. ముచ్చటపడ్డ మిషనుకి అది సగానికి కాస్త పైన.

"సగం మేత ఎద్దు బండి లాగదనను" అన్నాడు తాత. "రోడ్డు మీద లాగుతాది. గట్టెక్కేటప్పుడు కూకుండిపోతాది."

ఇక తెర వంతు. పెన్‌డ్రైవ్‌లో నేను వేసిన విజయనగరం సిరిమాను జాతర బొమ్మ తీసుకెళ్లాను. మూడులాంతర్ల దగ్గర జనం, పైన సిరిమాను కొసన కూర్చున్న పూజారిగారు, అంతటా పసుపూ కుంకుమా. షాపు ల్యాప్‌టాప్‌లో తెరిస్తే కుంకుమ ఇటుక రంగులోకి దిగిపోయింది, పసుపు వెలిసిపోయింది. కుర్రాడేమో "144 హెర్ట్జ్ సార్" అంటాడు. బొమ్మ సెకనుకి 144 సార్లు మారుతుందని దాని అర్థం, రంగు మారదని కాదు. చవక తెరల వివరాల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసుంటుంది. మామూలుగా బొమ్మలు ఏ రంగుల పరిధిలో వేస్తామో, ఆ ఎస్‌ఆర్‌జీబీలో అది దాదాపు మూడింట రెండు వంతులే చూపిస్తుంది. మిగతా వంతు ఎవరికి వాళ్లు ఊహించుకోవాలి.

ఇదంతా నేను వివరిస్తుంటే నాన్న పట్టించుకోలేదు. ఫోన్‌లో ఏదో వెతుకుతున్నారు. చివరికి పాపయ్యగారి చందమామ అట్ట ఒకటి తీసి, "ఇది అందులో చూపించు బాబూ" అన్నారు. చూపించాడు. నాన్న ఫోన్ని తెర పక్కన పెట్టి ఇటొకసారి, అటొకసారి చూశారు. మొహం ఎర్రబడింది.

"పాపయ్యగారిని ఇలాగా చూపించేది? ఈ నీలం ఏమైపోయింది? ఈ చీర అంచేది?"

కుర్రాడు బ్రైట్‌నెస్ పెంచాడు.

"వెలుతురు కాదయ్యా, రంగు! రంగు తగ్గకుండా చూపించే తెరే కావాలి మాకు. ఎంతైనా సరే" అన్నారు నాన్న. తర్వాత తన మాట తనకే వినపడి, "అంటే, 70 లోపు" అని దిద్దుకున్నారు. పదిరోజులుగా నన్ను కొట్టడానికి వాడిన బెత్తమే నాకు నూరు శాతం ఎస్‌ఆర్‌జీబీ తెర ఇప్పించింది.

అమ్మ వీడియో కాల్‌లోంచి అడిగింది. "కరెంటు పోతే ఎంతసేపుంటుంది?" తుపానుల జిల్లాల్లో ఇది ఆషామాషీ ప్రశ్న కాదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను తీరం దాటింది పలాస దగ్గరే. అక్కడుండే మా మేనత్త కరెంటు లేని ఆ రోజుల గురించి ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెబుతుంది. ఉన్నమాట చెప్పాలంటే, బ్యాటరీ మీద గేమింగ్ ల్యాప్‌టాపు తన బలం తానే తగ్గించుకుంటుంది. ఆటాడితే గంటకి అటూ ఇటూ, పెద్ద కార్డు కట్టేసి బొమ్మ గీసుకుంటే కొన్ని గంటలు. పైగా దాని ఛార్జరు 200 వాట్ల దాకా లాగుతుంది. "అయితే ఇన్వర్టరు మీద ఫ్యానుండాలా, నీ బొమ్ముండాలా?" అంది అమ్మ. ఆ ఒక్క మాటతో, చిన్న టైప్ సీ ఛార్జరుతోనూ నడిచే రకం కావాలని తేలిపోయింది. కాలేజీకి ఆ పెద్ద ఛార్జరు మొయ్యక్కర్లేకుండా నా వీపూ బాగుపడింది.

మేత, తెర, కరెంటు, ఈ మూడు పరీక్షలూ గట్టెక్కింది చిన్న నంబరు కార్డున్న మిషను. మా హాస్టల్లో దానికి గౌరవం లేదు, అక్కడ నంబరు చూసే నమస్కారం పెడతారు. ధర దగ్గర కుర్రాడు "ఫిక్స్‌డ్ రేట్ తాతగారూ" అన్నాడు. తాత భుజం మీది తువ్వాలు తీసి కుర్రాడి చేతి మీద కప్పి, లోపల వేళ్లు నొక్కాడు. సంతలో బేరం అలాగే నడుస్తుంది, పక్కవాడికి అంకె తెలియకూడదు. పాపం కుర్రాడికీ తెలియలేదు. ఏది ఒప్పుకున్నాడో అర్థంకాక బ్యాగూ, మౌసూ, కింద పెట్టే కూలింగ్ ప్యాడూ ఉచితంగా ఇచ్చేశాడు.

ఇప్పుడు వాలరెంట్ గట్టెక్కేటప్పుడు కూర్చోదు, కుంకుమ కుంకుమలాగే ఉంటుంది. కాకపోతే ఆడడానికీ గీయడానికీ తీరికే లేదు. ఊళ్లో రంగుల ల్యాప్‌టాపు వచ్చిందని తెలియగానే పుట్టినరోజు ఫ్లెక్సీలు, గృహప్రవేశం కార్డులు, జాతర పోస్టర్లు వరస కట్టాయి. త్రీడీ నగరాలు కట్టగల కార్డుతో ప్రస్తుతం మా పెదమావయ్య పాస్‌పోర్టు ఫొటో వెనక నీలం తీసి తెలుపు పెడుతున్నాను. బట్టతల మీద కాస్త జుట్టు కూడా పెట్టమన్నాడు, దానికి వేరే లేయరు. డబ్బులడిగితే "చదువు కోసం కొన్నదేగా బాబూ!" అంటున్నారు. ఒక్క పలాస మేనత్త మాత్రం ఫ్లెక్సీకో జీడిపప్పు ప్యాకెట్ చొప్పున నమ్మకంగా పంపుతోంది. బ్యాంకు వాయిదాలకి జీడిపప్పు తీసుకుంటుందేమో నాన్నే కనుక్కోవాలి.