గూఢచారికి మా ఊళ్లో గంట చాలు

గూఢచారి అన్నవాడు ఎవరో ఎవరికీ తెలియకూడదు. ఆ లెక్కన మా ఆలేరులో వాడు బతకడం కష్టం. కాజీపేట వైపు పోయే రైలు దిగి, నల్లకళ్లద్దాలు సర్దుకుని స్టేషన్ బయటికి వచ్చాడో లేదో, "ఏ ఊరు బిడ్డా? ఎవరింటికొచ్చినవ్?" అని ఏదో ఒక అవ్వ అడుగుతుంది. వాడు నసుగుతాడు. అవ్వ వదలదు. "కొలనుపాక జైన్ మందిరం కాడికా? గుట్టకైతే రాయగిరిల దిగాలె గదా! పెండ్లయిందా?" చాయ్ చల్లారేలోపు వాడి గోత్రం, జీతం బయటపడతాయి.

అందుకే నాకు గురి తప్పని గూఢచారుల కన్నా తికమకపడేవాళ్లే ఇష్టం. 1966లో 'గూఢచారి 116'తో కృష్ణ ఆంధ్రా జేమ్స్‌బాండ్ అయ్యారు. చూస్తే గౌరవం కలుగుతుంది. కడుపుబ్బ నవ్వడానికి మాత్రం 1986 దాకా ఆగాల్సి వచ్చింది. మల్లాది వెంకటకృష్ణమూర్తి నవలను ఆ ఏడాది జంధ్యాల 'చంటబ్బాయ్'గా తీశారు. 'ఖైదీ'తో మాస్ హీరో అయిపోయిన చిరంజీవి, ఇందులో జేమ్స్ పాండ్ అని బిరుదు తగిలించుకున్న డిటెక్టివ్ పాండురంగారావు. ఫైట్లకు ఈలలు వేయించుకునే మనిషి చార్లీ చాప్లిన్ వేషం వేశాడు, ఆడవేషమూ కట్టాడు. కేసు ఒకపక్క నడుస్తుంటే, ఇంకోపక్క శ్రీలక్ష్మి తన రచనలతో పత్రికా సంపాదకుణ్ణి పెట్టే హింస ఏ విలనూ పెట్టలేడు.

టీవీలో అది వస్తే మా ఇంట్లో పొయ్యి మీద కూర మాడాల్సిందే. మా బావ ప్రతి డైలాగూ ముందే చెప్పేస్తాడు. "జర నోరు మూసుకో బావా, సినిమా జూడనియ్యి" అంటే, "నేను గిట్ల చెప్తనే నీకు సమజైతది" అంటాడు.

2019లో 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' వచ్చింది. నెల్లూరులో నవీన్ పొలిశెట్టి నడిపే ఎఫ్‌బీఐ అంటే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. వేషమంతా షెర్లాక్ హోమ్స్‌దే, దొరికే కేసులు మాత్రం చిల్లరవి. కథ రైలు పట్టాల పక్కన పడున్న శవాల దాకా పోయాక నవ్వు కాస్త తగ్గి గుండె దడ మొదలవుతుంది. అయినా వాణ్ణి నమ్మబుద్ధవుతుంది. జేమ్స్‌బాండ్ ఖర్చు బ్రిటన్ సర్కారు భరిస్తుంది. మనవాడి పరువు వాడే మోసుకోవాలి.

పక్కింటి కూర వాసన బట్టి చుట్టాలొచ్చారని కనిపెట్టే జనం మనం. మన మధ్య గూఢచారి కథ నవ్వుల కథ కాక ఇంకేమవుతుంది? చూడనివాళ్లు 'చంటబ్బాయ్'తో మొదలుపెట్టండి. బావ ఊళ్లో లేని రోజు చూసుకుంటే మరీ మంచిది.