జారుడుబండ వ్యాఖ్య

ఆ. మంచు కొండలందు మనకేది మేలగు
చెంత నున్న దేది చెప్పు మన్న
ముసలివారు పిల్లమూకతో పోవంగ
ధనము కొంత మిగులు దారి గలదె

అవతారిక: పై ఆటవెలది మా పెదనాన్నగారిది. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవారు, పాలవాడికి చీటీ రాసినా యతి చూసుకుంటారు. దసరా సెలవుల్లో పిల్లలు సెల్లులో మంచు మీద జారేవాళ్ల వీడియోలు చూసి, మనమూ స్కీయింగ్‌కి వెళ్లాల్సిందే అని పట్టుబట్టారు. కుటుంబం వాట్సాప్ గ్రూపులో మూడు రోజులు హోటళ్ల లింకులు కురిశాయి. నాలుగో రోజు తెల్లవారుజామున ఈ పద్యం పడింది. అందరూ దండం బొమ్మలు పెట్టి ఊరుకున్నారు. అర్థం చెప్పమని మా నాయనమ్మ నన్ను పిలిచింది.

వ్యాఖ్యాతలకు పెద్దదిక్కు మల్లినాథసూరి. మెదకు సీమలోని కొలిచెలమ ఆయన ఊరని చెబుతారు. కాళిదాసు కుమారసంభవాన్ని హిమవంతుడి వర్ణనతోనే ఎత్తుకుంటాడు, ఆ హిమవంతుణ్ణి లోకానికి విప్పి చెప్పినవాడు దక్కను ఎండల మనిషి. కనక మంచు తొక్కకుండానే మంచు మీద వ్యాఖ్య రాయడం మనకు సంప్రదాయ సమ్మతమే. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన ప్రతిన పట్టాడు. నేను ఆ రెండూ తప్పబోతున్నాను. వ్యాఖ్యకు మొదట ‘హిమజారిణి’ అని పేరు పెట్టాను. జారిణి అంటే నిఘంటువులో ఏముందో చూసుకోరా అని పెదనాన్నగారు గదమాయించాక ‘జారుడుబండ’ అని మార్చాను.

టీక: మంచు = ఇక్కడే పెద్ద చిక్కు. గడ్డిపోచ మీద మెరిసే బొట్టు మంచు. సంక్రాంతి ముందు బస్సుల్ని నిలబెట్టేసే పొగ మంచు. ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే, చేపల బుట్టలో కొట్టి వేసే గడ్డా మంచే. నాలుగు పదార్థాలకు మనకు ఒకటే పేరు. ఈ సందులో దూరి మా బాబాయి పూర్వపక్షం చేశాడు: “లంబసింగికి పోదాం. దానికి ఆంధ్రా కశ్మీరమనే పేరుంది. మంచు ఉంది, కొండ ఉంది, చెంతనే ఉంది, ధనమూ మిగులుతుంది. నాలుగు పాదాలూ అతికాయి. పైగా పద్యంలో జారడమన్న మాటే లేదు, కావాలంటే వెతుక్కో.”

నిజమే, లేదు. దీనికి సమాధానం ప్రకరణం. భోజనానికి కూర్చున్నవాడు సైంధవం తెమ్మంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి లేచినవాడు అడిగితే గుర్రం తేవాలి, ఒకే మాట అయినా సరే. పిల్లలు వీడియోలో చూపించింది పొగ కాదు కాబట్టి ఇచ్చట మంచు అనగా కాలి కింద కరకరలాడేది అనియే గ్రహించవలెను. లంబసింగిలో జారేది చేతిలోని టీ గ్లాసు మాత్రమే.

కొండలందు = కొండల మీద. ఈ ఒక్క పదంతో నాలుగు గోడల మధ్య మంచు చూపే హైదరాబాదు స్నో వరల్డ్ తేలిపోయింది. ఆ ప్రతిపాదన మా పిన్నిది.

మనకేది మేలగు = ఈ ‘మన’లో పదకొండుమంది. జారాలనుకునేవాళ్లు నలుగురు, ఫొటోలు కావలసినవాళ్లు ముగ్గురు, వేడివేడిగా అన్నం దొరికితే చాలనేవాళ్లు మిగతావాళ్లు. స్కీయింగ్ ఊరు ఎంచుకునేవాళ్లంతా జారేవాళ్ల వైపు నుంచే చూస్తారు, వాలు ఎంత, పొడవెంత అని. పద్యకర్త చూపు అది కాదు. జారనివాళ్లు పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు దాకా ఎక్కడ కూర్చుంటారు? నా లెక్కలో పద్యానికి ప్రాణం ఈ ‘మన’ అన్న మాటే.

చెప్పు మన్న = చెప్పుము + అన్న. పెదనాన్నగారు ఇంటికి పెద్దకొడుకు, ఆయనకు అన్న లేడు. గణం కోసం పుట్టిన అన్న.

చెంత నున్న దేది = గ్రూపు లింకుల్లో నిలిచిన స్కీయింగ్ ఊళ్లు మూడు: ఔలీ, సోలంగ్, గుల్మార్గ్. పటం చూస్తే హైదరాబాదుకు వాటిలో ఔలీ, సోలంగ్ కాస్త దగ్గర, గుల్మార్గ్ దూరం. కానీ చెంత అన్నది కిలోమీటర్లతోనే కొలవాలని ఏ శాస్త్రంలోనూ లేదు. ఔలీకి ఋషీకేశ్ నుంచి జోషీమఠ్ దాకానే సుమారు 250 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, ఒక పగలంతా దానికే. సోలంగ్‌కు ముందు మనాలి చేరాలి. ఢిల్లీ నుంచి 500 కిలోమీటర్లు దాటిన రాత్రి బస్సు. భుంతర్‌లో విమానాశ్రయం ఉన్నా దిగేవి చిన్న విమానాలు, మబ్బు పట్టిందంటే అవీ రావు. గుల్మార్గ్‌కైతే శ్రీనగర్‌లో విమానం దిగాక రోడ్డు ఇంచుమించు 50 కిలోమీటర్లే. మలుపు మలుపుకీ కవరు అడిగే పిల్లలు నలుగురున్న ఇంటికి, అన్నిటికన్నా దూరంగా ఉన్నదే చెంత. దీన్ని విరోధాభాసమంటారు.

ముసలివారు = నాయనమ్మ. ఇంతదాకా చదవగానే ఆవిడ “ఎవర్రా ముసలివాళ్లు?” అంది. వెంటనే ‘పెద్దవారు’ అని పాఠాంతరం సూచించాను. గణాలు సరిపోయాయి గాని యతి చెడింది: ‘మూక’లోని మూకు ‘పె’తో మైత్రి కుదరదు. కన్నతల్లి బాధపడుతున్నా యతిని వదులుకోనన్నారు పెదనాన్నగారు. కాబట్టి ఛందస్సు కారణంగా ఆవిడ ముసలివారుగానే ఉన్నారు.

ఆవిడ మోకాళ్ల దగ్గరే ఎంపిక తేలింది. ఔలీకి జోషీమఠ్ నుంచి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు రోప్‌వే ఉండేది, నడక లేకుండా మంచులోకి చేర్చేది. 2023 జనవరిలో జోషీమఠ్ నేల కుంగి ఇళ్లు బీటలు వారినప్పుడు అది ఆగింది. ఔలీని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఎదురుగా నందాదేవి, 2011లో దక్షిణాసియా శీతాకాల క్రీడలు జరిగిన వాలు, ఐటీబీపీ జవాన్లు స్కీయింగ్ నేర్చుకునే చోటు. జారేవాళ్లు నలుగురే వెళితే నేను ఔలీకే ఓటేస్తాను. సోలంగ్ కొత్తగా నేర్చుకునేవాళ్లకు మంచి బయలు, కానీ అక్కడ జారేవాళ్ల కన్నా చూసేవాళ్లు ఎక్కువ.

గుల్మార్గ్ ఊరే దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. మన తూర్పు కనుమల్లో ఏ శిఖరమూ అంత ఎత్తు లేదు. అక్కడి నుంచి గొండోలా అనే రోప్‌వే రెండు అంచెల్లో వెళుతుంది. ఫేజ్ వన్ కొంగ్‌డూరి దాకా, 1998 నుంచి నడుస్తోంది. 2005లో మొదలైన ఫేజ్ టూ అఫర్వత్ భుజం మీద 3,900 మీటర్లు దాటిస్తుంది. ఆరుగురు పట్టే గది, కూర్చుంటే చాలు, అదే మోసుకుపోతుంది. నాయనమ్మకు ఫేజ్ వన్ విధి, ఫేజ్ టూ నిషేధం. అంత ఎత్తున గాలి పలచన, బీపీ బిళ్ల వేసుకునేవాళ్లకు మంచిది కాదు. పిల్లమూకకు కూడా ఫేజ్ టూ వద్దు. పైన వాళ్ల వీడియోల్లోలాగా చదును చేసి ఉంచిన బాట ఉండదు. సహజమైన వాలు, హిమపాతాలు విరుచుకుపడే చోటు. తెలిసిన గైడు వెంట లేకుండా అక్కడ జారడం ఆరితేరినవాళ్లకూ సాహసమే. మనవాళ్లకు కింద గోల్ఫ్ మైదానం పక్కనున్న చిన్న మిట్టలు చాలు. రెండు పలకల ముందు కొసలు దగ్గరికి తెచ్చి, మడమలు ఎడం చేసి, మోకాళ్లు కాస్త వంచడం మొదటి పాఠం. రెండో పాఠం పడ్డాక లేవడం. పూట మొత్తం దానికే సరిపోతుంది.

ధనము కొంత మిగులు = ఇచ్చట ‘కొంత’ అన్నది వినయం. వెళ్లేప్పుడు ఎవరూ లెక్క వేసుకోనివి చెబుతాను. గుల్మార్గ్‌కు 13 కిలోమీటర్ల కింద తంగ్‌మార్గ్. మంచు గట్టిగా పడితే మన బండి అక్కడ ఆగాల్సిందే, చక్రాలకు గొలుసులు కట్టిన బండి వేరే మాట్లాడుకోవాలి. గమ్‌బూట్లు, లావు కోట్లు అక్కడే అద్దెకిస్తారు. పైకి చేరగానే స్లెడ్జివాళ్లు చుట్టుముడతారు. చెక్క పీట మీద మనల్ని కూర్చోబెట్టి తాడుతో లాక్కెళతారు. మొదట చెప్పిన ధరను అవతారికగానే భావించాలి. అయితే ఒక మాట. ఏడాదిలో మూడు నెలలే ఉండే పని అది, మనిషి మనిషిని లాగే పని. అక్కడ మరీ గీసి గీసి బేరమాడితే రసభంగం.

దారి గలదె = దారి అనగా ఉపాయము, బాట కూడా, కనుక శ్లేష. 2025 జూన్‌లో కట్రా నుంచి శ్రీనగర్‌కు వందేభారత్ రైలు మొదలైంది, చీనాబ్ నది మీద 359 మీటర్ల ఎత్తున వంతెన దాటుతుంది. విమానం టికెట్లు మండిపోయే రోజుల్లో ఢిల్లీ మీదుగా కట్రా చేరి ఆ రైలు ఎక్కితే పదకొండుమందికి కొంత మిగలవచ్చు, అమ్మవారి దర్శనం కలిసొస్తుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో పహల్గాంలో పర్యాటకుల మీద జరిగిన దాడి తరవాత కశ్మీరు పేరెత్తితే ఇంట్లో గొంతులు తగ్గుతాయి. దాని మీద వ్యాఖ్య ఏమీ లేదు. వెళ్లేనాటి పరిస్థితి కనుక్కుని, వెనక్కి ఇచ్చేసే వీలున్న టికెట్టే కొనాలి.

ఈ పాదంలో ధ్వని ఉందని పెదనాన్నగారు స్వయంగా సెలవిచ్చారు: “దారి అంటే మార్గం. మార్గం గలదె అన్నానంటే గుల్మార్గ్ అని ముందే సూచించాను కదరా.” కశ్మీరులో మార్గ్ అంటే దారి కాదు, పచ్చిక బయలు. గుల్మార్గ్ అంటే పూల బయలు, సోనామార్గ్ బంగారు బయలు. కవికి తప్పు నిరుక్తితో ఒప్పు ఊరు దొరికింది. వ్యాఖ్యాత ధర్మం ప్రకారం ఇది ఆర్షప్రయోగమని వదిలేశాను.

అధ్యాహారం: ఎప్పుడు వెళ్లాలో పద్యంలో లేదు, మనమే తెచ్చుకోవాలి. కశ్మీరులో డిసెంబరు 21 నుంచి నలభై రోజుల్ని చిల్లై కలాన్ అంటారు, చలికి అది పట్టాభిషేక కాలం. మన సంక్రాంతి సెలవులు సరిగ్గా అందులోనే పడతాయి, కాబట్టి అప్పుడే వెళదామని సామాన్యంగా అందరూ అనుకుంటారు. కానీ 2024 జనవరిలో ఆ నడిచలిలోనే గుల్మార్గ్ వట్టి నేల తేలి గోధుమరంగులో కనిపించింది. జనం పీటలు పట్టుకుని ఆకాశంకేసి చూశారు. పడాల్సిన మంచు నెలాఖరుకు గాని పడలేదు. ఫిబ్రవరి నమ్మకం ఎక్కువ, కానీ మార్చిలో పరీక్షలు. మధ్యలో మిగిలింది శివరాత్రి. కశ్మీరీ పండితులకు అది ఏడాదిలో పెద్ద పండగ, హేరథ్ అంటారు. ఆనాడు మంచు పడి తీరుతుందని వాళ్ల పాత నమ్మకం. నాయనమ్మ ఈ ఒక్క వాక్యానికే తలూపింది.

తాత్పర్యం: శివరాత్రికి రెండు రోజుల సెలవు అతికించి గుల్మార్గ్ వెళ్లాలి. పిల్లలు కింద మిట్టల మీద పడతారు, లేస్తారు. నాయనమ్మ కొంగ్‌డూరి దాకా వెళ్లి, మంచు ముట్టుకుని, కహ్వా తాగి దిగుతుంది. బాబాయి లంబసింగి గురించి మాట్లాడకూడదు.

విశేషం: కొండ మీద నుంచి గ్రూపులో పెట్టడానికి పెదనాన్నగారు రోజుకొకటి చొప్పున పద్యాలు ఇప్పటికే కట్టి ఉంచుకున్నారు. అక్కడ బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉంటేనే సిగ్నలు. ఆయనది ప్రీపెయిడ్. ఈ సంగతి ఇంట్లో ఇంకా ఎవరూ ఆయనకు చెప్పలేదు.